ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు, ప్రింటర్ షేరింగ్: ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

కింద పోర్షన్‌లో నాన్నగారి లెక్కల కంప్యూటర్, పైన పిల్లల ల్యాప్‌టాప్, హాల్లో ఒక ప్రింటర్. ఒంగోలైనా కావలైనా నెల్లూరైనా ఇప్పుడు చాలా ఇళ్లల్లో ఇదే సరంజామా. అయినా పై నుంచి కిందికి ఒక ఫైలు పోవాలంటే వాట్సాప్‌లో తనకు తానే పంపుకోవడం, లేదంటే పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లు దిగడం. ఇక్కడి జవాబులు ఎక్కువగా విండోస్ 10, విండోస్ 11 వాడేవాళ్ల కోసం.

ముందే ఒక మాట. యూట్యూబ్‌లో దొరికే చిట్కాల్లో చాలావరకు పాస్‌వర్డ్ తీసెయ్యమంటాయి, ఫైర్‌వాల్ ఆపెయ్యమంటాయి. ఏదీ తియ్యక్కర్లేదు, ఏదీ ఆపక్కర్లేదు. షేరింగ్ కోసం విడిగా ఒక యూజర్‌ని పెట్టుకుంటే తలనొప్పి చాలావరకు పోతుంది. కింద చెప్పేదంతా ఆ దారిలోనే ఉంటుంది.

ఇంట్లో షేరింగ్‌కి ఇంటర్నెట్ ఉండాలా?

అక్కర్లేదు. రౌటర్‌కి కరెంటు ఉంటే చాలు. గాలివానకో, రోడ్డు తవ్వకాలకో ఫైబర్ తెగి నాలుగు రోజులు నెట్ రాకపోయినా పై గది నుంచి కింద ప్రింటర్‌కి ప్రింట్ కొట్టొచ్చు. ఫైళ్లు ఇంట్లోనే తిరుగుతాయి కాబట్టి డేటా కూడా ఖర్చు కాదు. రౌటర్‌ని ఇన్వర్టర్ లైనుకి కలిపిస్తే కరెంటు పోయినప్పుడు కూడా ఇబ్బంది ఉండదు.

రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి. అయినా ఒకదానికి ఇంకొకటి కనబడటం లేదు. ఏంది సమస్య?

ముందు నెట్‌వర్క్ ప్రొఫైల్ చూడండి. కొత్త వైఫైకి కలిపినప్పుడు విండోస్ దాన్ని మామూలుగా పబ్లిక్ కింద లెక్కేస్తుంది, అంటే బస్టాండులో వైఫై లాంటిదని. అలాంటి చోట మీ కంప్యూటర్ ఎవరికీ కనబడకుండా దాక్కోవడమే సరైన పని. ఇంట్లో దాన్ని ప్రైవేట్‌కి మార్చాలి: సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, అందులో మీ వైఫై ప్రాపర్టీస్. ఇది రెండు కంప్యూటర్లలోనూ చెయ్యాలి. ఒకదాంట్లో చేసి రెండోది మర్చిపోవడం చాలా ఇళ్లల్లో జరిగేదే.

తర్వాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చెయ్యండి. విండోస్ 11లో ఇవి నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోనే అడ్వాన్స్‌డ్ కింద ఉంటాయి. విండోస్ 10లో కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌లోంచి వెళ్లాలి.

ఇంతా చేసినా కనబడకపోతే ఇంట్లో రెండు రౌటర్లు ఉన్నాయేమో చూడండి. ఫైబర్ వాళ్లు పెట్టిన డబ్బా ఒకటి, పై అంతస్తులో సిగ్నల్ రావట్లేదని మీరు కొన్నది ఇంకొకటి. రెండూ వేర్వేరు వైఫైలు ఇస్తుంటే పేరు ఒకటే పెట్టినా అవి రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు. ఒక కంప్యూటర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) 192.168.1 తో, రెండోది 192.168.0 తో మొదలైతే గొడవ అక్కడే ఉన్నట్టు. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి. చాలా రౌటర్ల సెట్టింగ్స్‌లో ఆ పేరుతోనే ఉంటుంది. మార్చాక రెండు కంప్యూటర్లూ మొదటి రౌటర్ దగ్గరే ఐపీ తీసుకుంటాయి.

ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ గుర్తు కింద పేరు రాలేదని మాత్రం టెన్షన్ పడొద్దు. ఆ జాబితా బాగున్నప్పుడు కూడా ఒక్కోసారి ఖాళీగానే ఉంటుంది. అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి అవతలి కంప్యూటర్ ఐపీ రాయండి, \\192.168.1.20 అన్నట్టు. తెరుచుకుంటే అంతా బాగున్నట్టే, జాబితాని వదిలెయ్యండి.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. రోజూ కొట్టే పిన్ కొడితే తప్పంటోంది. ఎందుకు?

అందరూ ఆగిపోయేది ఇక్కడే. పిన్ ఆ ఒక్క మెషీన్ మీద కూర్చుని తెరవడానికే. నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్ల దగ్గర అది చెల్లదు, అసలు పాస్‌వర్డ్ కావాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే కంప్యూటర్ అయితే ఆ ఈమెయిలు, దాని పాస్‌వర్డ్ అడుగుతుంది. అది ఎప్పుడో కొన్నప్పుడు షాపువాడు పెట్టింది, ఎవరికీ గుర్తుండదు.

అసలు పాస్‌వర్డే లేని కంప్యూటర్లది ఇంకో చిక్కు. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న లోకల్ అకౌంట్‌తో నెట్‌వర్క్ మీద నుంచి లోపలికి రావడాన్ని విండోస్ మామూలుగా ఒప్పుకోదు. 'మాకు పాస్‌వర్డే లేదు కదా, అయినా ఎందుకు అడుగుతోంది' అనేవాళ్లకు జవాబు ఇదే.

రెండింటికీ మందు ఒకటే. ఫైళ్లు ఉన్న కంప్యూటర్‌లో విడిగా ఒక లోకల్ యూజర్‌ని సృష్టించండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్. ఈమెయిలు అడిగినప్పుడు, ఈ వ్యక్తి సైన్ ఇన్ వివరాలు నా దగ్గర లేవు అనే అర్థం వచ్చే లైను నొక్కండి. ఆ తర్వాత వచ్చే తెరలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ని చేర్చే లైను ఉంటుంది. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం ఖాళీ వదలొద్దు. ఆ యూజర్‌తో ఎవరూ లాగిన్ అవ్వరు, షేరింగ్‌కే వాడతారు. అడ్మిన్ హక్కులు ఇవ్వక్కర్లేదు.

రెండో కంప్యూటర్ అడిగినప్పుడు యూజర్‌నేమ్ దగ్గర మొదటి కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత కొత్త యూజర్ పేరు రాయండి. గుర్తుంచుకో అనే టిక్ పెడితే మళ్లీ అడగదు. పాత తప్పు పాస్‌వర్డ్ దాచుకుని మొండికేస్తుంటే కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో ఆ ఎంట్రీ తీసెయ్యండి. పాస్‌వర్డ్‌ల విషయంలో నేను తీసెయ్యమనేది ఆ ఒక్కదాన్నే.

ఫోల్డర్ షేర్ చెయ్యడం ఎలా?

షేరింగ్‌కని ఒక కొత్త ఫోల్డర్ పెట్టుకోండి. రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్, అందులో షేర్ బటన్. ఇందాక చేసిన యూజర్‌ని ఎంచుకుని చదవడానికి మాత్రమేనా, రాయడానికి కూడానా చెప్పండి. అంతే.

సీ డ్రైవ్ మొత్తం షేర్ చెయ్యకండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కూడా వద్దు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆధార్ స్కాన్‌లు ఉండేది అక్కడే కదా.

పక్కనే అడ్వాన్స్‌డ్ షేరింగ్ అని ఇంకో బటన్ ఉంటుంది. దాంట్లో ఇచ్చే అనుమతి వేరు, సెక్యూరిటీ ట్యాబ్‌లోది వేరు. రెండింట్లో ఏది గట్టిగా ఉంటే అదే చెల్లుతుంది. అక్కడ ఫుల్ కంట్రోల్ ఇచ్చినా ఫైలు సేవ్ కావట్లేదంటే సెక్యూరిటీ ట్యాబ్‌లో ఆ యూజర్‌కి రాసే అనుమతి లేదన్నమాట.

'మీ ఆర్గనైజేషన్ సెక్యూరిటీ పాలసీలు ఒప్పుకోవు' అని వస్తోంది. ఇది ఇల్లండీ, ఆర్గనైజేషన్ ఏంది?

ఆ మాట చూసి కంప్యూటర్ ఎవరో హ్యాక్ చేశారనుకున్నవాళ్లూ ఉన్నారు. సంగతి చిన్నదే. అవతలివైపు పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా రమ్మంటోంది, మీ విండోస్ అలా పోనంటోంది. విండోస్ 11లో 2024లో వచ్చిన 24హెచ్2 అనే అప్‌డేట్ నుంచి ప్రో ఎడిషన్‌లో కూడా ఈ కట్టడి మొదలైంది. పైన చెప్పిన యూజర్, పాస్‌వర్డ్ పద్ధతిలో వెళ్తే ఈ మెసేజ్ రాదు. రౌటర్‌కి గుచ్చిన హార్డ్ డిస్క్ దగ్గర వస్తుంటే రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ డిస్క్‌కి పాస్‌వర్డ్ పెట్టండి.

నిన్న పనిచేసింది, ఇయ్యాల రావడం లేదు.

కంప్యూటర్ నిద్రపోయిందేమో చూడండి. స్లీప్‌లో ఉన్న మెషీన్ ఫైళ్లు ఇవ్వదు, ప్రింట్ తీసుకోదు. పవర్ సెట్టింగ్స్‌లో కరెంటు మీద ఉన్నప్పుడు స్లీప్ నెవర్ అని పెట్టండి. స్క్రీన్ ఆరిపోతే పర్వాలేదు.

మెలకువగానే ఉంటే ఐపీ మారిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక రౌటర్ ఒక్కోసారి కొత్త నంబరు ఇస్తుంది. నిన్న 20 అయినది ఇవాళ 23 అవుతుంది. రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. ఫైళ్లున్న కంప్యూటర్‌కీ ప్రింటర్‌కీ అక్కడ నంబరు ఖాయం చేస్తే ఇక మారదు. కరెంటు కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లల్లో ఈ పని మొదటి రోజే చేసుకోవడం మేలు.

మాది పాత యూఎస్‌బీ ప్రింటర్. వైఫై లేదు. పై గది నుంచి ప్రింట్ వస్తుందా?

వస్తుంది. మన వైపు ఇళ్లల్లో, చిన్న షాపుల్లో ఇప్పటికీ నడుస్తున్న హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, క్యానన్ ఎల్‌బీపీ 2900 రెండూ ఈ రకమే. ప్రింటర్ తగిలించిన కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి, అదొక్కటే షరతు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్ తెరిచి టిక్ పెట్టండి. షేర్ పేరు పొట్టిగా, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. రెండో కంప్యూటర్‌లో ముందు అదే ప్రింటర్ డ్రైవర్ వేసి, ఆ తర్వాత \\192.168.1.20 తెరిచి ప్రింటర్ మీద డబుల్ క్లిక్ చెయ్యండి.

రౌటర్ వెనక యూఎస్‌బీ రంధ్రం ఉంది కదా అని ప్రింటర్‌ని అక్కడ గుచ్చాలని చాలామందికి అనిపిస్తుంది. 1020 విషయంలో ఆ ఆశ పెట్టుకోవద్దు. ఆ ప్రింటర్‌కి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అందాలి. మామూలు రౌటర్లు అది ఇవ్వవు, ప్రింటర్ లైటు వెలుగుతూ కూర్చుంటుంది తప్ప కాగితం కదలదు.

చివర్లో 11బి అని ఉండే ఎర్రర్ వస్తోంది.

2021లో విండోస్ ప్రింటింగ్‌లో ప్రింట్ నైట్‌మేర్ అనే పెద్ద లోపం బయటపడింది. దాని తర్వాత ప్రింటింగ్ భద్రత బిగిస్తూ వచ్చారు. ఆ సెప్టెంబరు అప్‌డేట్‌తో రెండు కంప్యూటర్ల మధ్య ప్రింట్ మాటామంతీకి గట్టి నియమం పెట్టారు. ఒక కంప్యూటర్ అప్‌డేట్ అయి, ఇంకొకటి కాకపోతే ఈ ఎర్రర్. రిజిస్ట్రీలో ఒక సంఖ్య మార్చి ఆ నియమాన్ని ఎత్తేసే చిట్కా అన్నిచోట్లా తిరుగుతోంది. పనిచేస్తుంది, కానీ తాళం తీసి పారేసినట్టే.

రెండు కంప్యూటర్లనీ పూర్తిగా అప్‌డేట్ చెయ్యండి. అయినా వస్తుంటే రెండో కంప్యూటర్‌లో ప్రింటర్‌ని లోకల్ ప్రింటర్‌గా చేర్చండి. పోర్ట్ అడిగినప్పుడు కొత్త లోకల్ పోర్ట్ అని ఎంచుకుని, పోర్ట్ పేరు దగ్గర రెండు బ్యాక్‌స్లాష్‌లు, మొదటి కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ప్రింటర్ షేర్ పేరు రాయండి. డ్రైవర్ చేత్తో ఎంచుకోండి. ఇలా పెడితే ఆ నియమం జోలికి పోకుండానే ప్రింట్ వెళ్తుంది.

అంత కుస్తీ పట్టే ఓపిక లేకపోతే, ఇంటికి కొత్తగా ప్రింటర్ కొనేటప్పుడే వైఫై ఉన్నది తీసుకోండి. ఎప్సన్‌లో ఎల్3210కి వైఫై లేదు, ఎల్3250కి ఉంది. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. కొన్నాక చూసుకుని బాధపడితే లాభం లేదు.

వైఫై ప్రింటర్ రౌటర్‌ని పట్టుకోవడం లేదు, పట్టుకున్నా ఆఫ్‌లైన్ అంటోంది.

ఇంటి ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే వస్తుంది. రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టి ఉంటే ప్రింటర్‌ని రెండోదానికి, అంటే 2.4కి కలపండి. కంప్యూటర్ 5లో ఉన్నా ఇబ్బంది లేదు, రౌటర్ ఒకటే కాబట్టి కలుస్తాయి. ఆఫ్‌లైన్ గొడవ ఐపీ మారడం వల్లే ఎక్కువ. దాని మందు పైన చెప్పాను.

ప్రింట్ క్యూలో ఇరుక్కుపోయింది, క్యాన్సిల్ కూడా కావట్లేదు.

సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ని ఆపండి. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లు చెరిపి, స్పూలర్‌ని మళ్లీ మొదలెట్టండి. ఫోల్డర్‌ని చెరపొద్దు, లోపలి ఫైళ్లే. కాగితమే ఇరుక్కుంటుంటే అది నెట్‌వర్క్ సంగతి కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన కోస్తాలో కురిసే వానలకు కాగితం చెమ్మ పడుతుంది. ట్రేలో కట్ట మొత్తం పెట్టకుండా కావలసినన్నే పెట్టి, మిగతావి కవరులో చుట్టి ఉంచండి.

ప్రింటర్ షేర్ అయింది. స్కానర్ రావడం లేదే?

రాదు. యూఎస్‌బీ మెషీన్‌లో విండోస్ ప్రింటర్‌ని మాత్రమే షేర్ చేస్తుంది. కింద స్కాన్ చేసి షేర్ ఫోల్డర్‌లో సేవ్ చేసుకోండి, పైన తెరుచుకుంటుంది.

తెలుగు ఫైలు కింద కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. షేరింగ్‌లో పాడైందా?

పాడవలేదు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు డీటీపీ చేసేవాళ్లలో ఇప్పటికీ అను ఫాంట్లు వాడేవాళ్లు ఎక్కువ. ఆ ఫైలులో నిజానికి ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఫాంటు ఉంటే అవి తెలుగులా కనబడతాయి, లేకపోతే గీతలూ చుక్కలూ కలిసిన గజిబిజి. నెట్‌వర్క్ ఫైలుని ఉన్నదున్నట్టు మోసుకొస్తుంది, ఫాంటుని మోసుకురాదు.

కాబట్టి ఫైలు ఏ కంప్యూటర్‌లో తెరుస్తారో ఆ కంప్యూటర్‌లో ఫాంటు ఉండాలి. ప్రింటర్ తగిలించిన కంప్యూటర్‌లో మామూలుగా అక్కర్లేదు. పైన ఫాంటు ఉండి అక్కడే తెరిచి ప్రింట్ కొడితే కింద ప్రింటర్‌లో సరిగ్గానే వస్తుంది. అదే ఫైలుని కింద తెరిచి కొడితే గజిబిజి వస్తుంది. ఫాంటు లేనిచోట ప్రింట్ కావాలంటే పైన పీడీఎఫ్ చేసి షేర్ ఫోల్డర్‌లో పడెయ్యండి, పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే కూర్చుంటుంది. గౌతమి, నిర్మల, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లలో రాసిన వాటికి ఈ గొడవ లేదు. ఫైలు పేరు తెలుగులో పెట్టినా విండోస్ షేరింగ్‌లో బాగానే వెళ్తుంది.

ఫోన్ నుంచి?

ఆండ్రాయిడ్‌లో ఫైల్ మేనేజర్ యాప్‌లో నెట్‌వర్క్ స్టోరేజ్ లాంటిది ఉంటే చూడండి, శామ్‌సంగ్ మై ఫైల్స్‌లో ఉంది. ఐఫోన్‌లో ఫైల్స్ యాప్‌లో మూడు చుక్కలు నొక్కితే కనెక్ట్ టు సర్వర్ వస్తుంది. ఐపీ, ఆ షేరింగ్ యూజర్, పాస్‌వర్డ్ ఇవ్వాలి. వైఫై ప్రింటర్‌కైతే ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ వెళ్తుంది. యూఎస్‌బీ ప్రింటర్‌కి ఫోన్ నుంచి కొట్టాలంటే ఫైలుని షేర్ ఫోల్డర్‌లో వేసి కంప్యూటర్‌లో తెరవడమే తేలిక.

పెళ్లి వీడియో 40 జీబీ. కాపీ ఎంతసేపు పడుతుంది?

అది వైరు మీద, రౌటర్ మీద ఆధారపడుతుంది. తక్కువ ధర రౌటర్లలో ల్యాన్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి. వాటి మీద సెకనుకి 11 ఎంబీ దాకా వెళ్తుంది, అంటే సుమారు గంట. గిగాబిట్ పోర్టులు, క్యాట్5ఈ వైరు ఉండి డిస్కులు కూడా తట్టుకుంటే ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. వైఫైలో గోడల్ని బట్టి, దూరాన్ని బట్టి మారుతుంది. పాత ఇళ్ల మందపాటి గోడల అవతల అయితే ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఇంకో సంగతి, వీడియోని పెన్‌డ్రైవ్‌లోకే ఎక్కించాలనుకుంటే, అది ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు.

వీధి అవతల తమ్ముడి ఇంటికి ల్యాన్ వైరు లాగొచ్చా?

100 మీటర్ల లోపు పనిచేస్తుంది. అయినా వద్దంటాను. డాబా మీద నుంచి గాలిలో వేలాడే రాగి వైరు పిడుగులు పడే రోజుల్లో రెండు ఇళ్ల రౌటర్లకీ కంప్యూటర్లకీ చేటు తెస్తుంది. రెండు ఇళ్ల ఎర్తింగ్ కూడా వేరు. తప్పదనుకుంటే ఫైబర్ వైరు, రెండు చివర్ల మీడియా కన్వర్టర్లు పెట్టించండి, గాజుతీగలో కరెంటు రాదు. ఇంటి లోపలైనా ఉరుములు మొదలైతే రౌటర్ ప్లగ్గుతో పాటు బయటి నుంచి వచ్చే వైరు కూడా పీకెయ్యండి. స్విచ్ ఆపినంత మాత్రాన చాలదు.

గోడౌన్‌లో ఎక్స్‌పీ కంప్యూటర్‌లో పాత ట్యాలీ ఉంది. విండోస్ 11 దాన్ని తెరవడం లేదు.

ఎక్స్‌పీకి తెలిసింది ఎస్ఎంబీ1 అనే పాత షేరింగ్ పద్ధతి ఒక్కటే. 2017 చివరి నుంచి కొత్త విండోస్‌లలో అది మామూలుగా ఉండదు. మళ్లీ ఆన్ చెయ్యమని చెప్పేవాళ్ల మాట వినొద్దు. 2017 మేలో వనాక్రై అనే వైరస్ దేశదేశాల కంప్యూటర్లని తాళం వేసి డబ్బులడిగింది ఆ ఎస్ఎంబీ1 లోపంలోంచే. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. లోపాన్ని పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే వచ్చింది, చాలామంది వేసుకోలేదు.

ట్యాలీ డేటాని పెన్‌డ్రైవ్‌లో తీసి కొత్త మెషీన్‌లోకి మార్చుకోండి. ఎక్స్‌పీ పెట్టెకి నెట్‌వర్క్ వైరు లేకుండా ఉంచండి. విండోస్ 7 అయితే ఎస్ఎంబీ1 లేకుండానే షేరింగ్ పనిచేస్తుంది, కానీ దానికీ అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది.

బయట ఊరి నుంచి ఇంటి ఫైళ్లు తెరవడానికి రౌటర్‌లో 445 పోర్ట్ తెరవమన్నారు. తెరవనా?

తెరవొద్దు.

షేర్ ఫోల్డర్‌లో పొరపాటున చెరిపాను. రీసైకిల్ బిన్‌లో లేదు.

ఉండదు. నెట్‌వర్క్ మీద నుంచి చెరిపిన ఫైలు ఈ కంప్యూటర్ బిన్‌లోకీ పోదు, ఆ కంప్యూటర్ బిన్‌లోకీ పోదు. నేరుగా పోతుంది. చెరిపేటప్పుడు శాశ్వతంగా పోతుందని విండోస్ అడుగుతుంది, ఎవరూ చదవరు. ఆ కంప్యూటర్‌లో కొత్తగా ఏమీ సేవ్ చెయ్యకుండా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నిస్తే ఒక్కోసారి దొరుకుతుంది, ఎస్ఎస్‌డీ అయితే ఆశ తక్కువ.

అందుకే పిల్లలకి, చూడటానికి మాత్రమే కావలసినవాళ్లకి రీడ్ అనుమతే ఇవ్వండి. చెరువు లీజు కాగితాలు, రొయ్యల మేత బిల్లులు, పొలం పత్రాల స్కాన్‌లు ఉన్న ఫోల్డర్‌ని నెలకోసారి బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్‌ని విడదీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే వైరస్ వచ్చిన రోజు అదీ పోతుంది.

పై పోర్షన్ అద్దెకిచ్చాం. వాళ్లకి మా వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాం. మా ఫైళ్లు చూస్తారా?

పాస్‌వర్డ్ ఉన్న షేరింగ్ అయితే ఫైళ్లు తెరవలేరు. కంప్యూటర్ పేరు కనబడుతుంది, మీ వైఫై ప్రింటర్‌కి ప్రింట్ మాత్రం కొట్టగలరు. పాస్‌వర్డ్ తీసేసిన షేరింగ్ అయితే అన్నీ తెరుచుకుంటాయి. ఏదైనా గానీ రౌటర్‌లో గెస్ట్ వైఫై ఆన్ చేసి వాళ్లకి ఆ పేరు, వేరే పాస్‌వర్డ్ ఇవ్వండి. గెస్ట్ వైఫైలో ఉన్నవాళ్లకి ఇంటర్నెట్ వస్తుంది, మీ కంప్యూటర్లు, ప్రింటర్ కనబడవు. ఆ తర్వాత మీ అసలు వైఫై పాస్‌వర్డ్ మార్చడం మర్చిపోవద్దు, పాతది వాళ్ల ఫోన్లలో ఇంకా ఉంటుంది. మార్చాక వైఫై ప్రింటర్‌కి కూడా కొత్త పాస్‌వర్డ్ ఇవ్వాలి, లేకపోతే మర్నాడు అది ఆఫ్‌లైన్ అంటుంది.